వెబ్‌సైట్ సర్టిఫికేటు తనిఖీని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించడం ఎలా

ఇంట్లో చక్కగా నడిచిన పైథాన్ స్క్రిప్టు ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రాగానే "సర్టిఫికేట్ వెరిఫై ఫెయిల్డ్: అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికేట్" అంటూ ఆగిపోవడం మనలో చాలామందికి అనుభవమే. సర్టిఫికేటు అంటే ఈ సైటు పేరు నిజంగా ఈ సర్వరుదేనని ఒక సంస్థ సంతకం చేసి ఇచ్చే డిజిటల్ పత్రం. అదే ల్యాప్‌టాప్‌లో బ్రౌజరు మాత్రం ఆ సైటును ఏ అభ్యంతరమూ లేకుండా తెరుస్తుంది. గంటసేపు వెతికాక పక్క సీటువాళ్లు ఎవరో "వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ పెట్టెయ్, అయిపోతుంది" అని సలహా ఇస్తారు. పని నిజంగానే అయిపోతుంది. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో ఒక శుక్రవారం సాయంత్రం తాత్కాలికమనుకుని చేర్చిన, సర్టిఫికేటు తనిఖీనే ఆపేసే ఆ ఒక్క మాట, ఉద్యోగుల జీతాల వివరాలు పంపే ప్రోగ్రాములో ఏడాదికి పైగా అలాగే ఉండిపోయింది. తనిఖీ మానేసిన ప్రోగ్రాము ఎన్నడూ ఫిర్యాదు చేయదు కాబట్టి ఎవరి దృష్టికీ రాలేదు. ఆ వరుస నా కంటపడిన రోజు కలిగిన ఆందోళన ఇప్పటికీ గుర్తుంది.

తనిఖీని ఆపకుండానే ఈ చిక్కును విప్పుకునే మార్గం ఉంది. సర్టిఫికేటు మంచిదా చెడ్డదా అనే నిర్ణయాన్ని ప్రోగ్రాము తన దగ్గర పెట్టుకోకుండా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. ఆ పనిని విండోస్, మ్యాక్, లినక్స్‌లలో ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను తెలుగు లిపిలోనే రాశాను కాబట్టి, టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇవ్వాలి.

ప్రోగ్రాము చూడవలసినవి ఏమిటి

సర్వరు తన సర్టిఫికేటును పంపినప్పుడు నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకాలి. దాని మీది సంతకం, మధ్యవర్తి సర్టిఫికేటు (సైటుకూ రూట్‌కూ నడుమ ఉండేది) గుండా, మనం ముందే నమ్మిన ఏదో ఒక రూట్ (జారీచేసే సంస్థ మూల సర్టిఫికేటు) దాకా గొలుసుగా చేరుతోందా? ఈ రోజు తేదీ దాని గడువు లోపలే ఉందా? మనం పిలిచిన సైటు పేరు అందులోని సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ జాబితాలో ఉందా? గడువు తీరకముందే దాన్ని రద్దు చేశారా?

వీటిలో మూడో ప్రశ్నను మరిచిపోయేవారే ఎక్కువ. గొలుసు సరిపోయింది కదా అని పేరు చూడకుండా వదిలేస్తే, దారిన పోయే దానయ్య తన సొంత సైటు కోసం ఉచితంగా తెచ్చుకున్న సర్టిఫికేటును మీ బ్యాంకు చిరునామా దగ్గర చూపించినా ప్రోగ్రాము ఒప్పేసుకుంటుంది. ఇంకో సంగతి: సైటు పేరును కామన్ నేమ్ అనే పాత గడిలో మాత్రమే రాసిన సర్టిఫికేట్లు ఇప్పుడు చాలా చోట్ల చెల్లవు. గో అనే ప్రోగ్రామింగ్ భాష తన 1.15 వెర్షన్‌లో ఆ గడిని చూడటం మానేసి, 1.17లో ఆ వెసులుబాటును పూర్తిగా తొలగించింది. ఆఫీసు లోపలి సర్వర్లకు సొంతంగా సర్టిఫికేట్లు తయారుచేసుకునేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

ఎవరి జాబితా

నమ్మదగిన రూట్ల జాబితాను విండోస్‌కు మైక్రోసాఫ్ట్, మ్యాక్‌కూ ఐఫోన్‌కూ ఆపిల్ నిర్వహిస్తాయి. లినక్స్ పంపిణీలు ఎక్కువగా మొజిల్లా జాబితాను తీసుకుంటాయి. అయితే చాలా ప్రోగ్రాములు వీటిని చూడవు. పైథాన్‌లోని రిక్వెస్ట్స్ లైబ్రరీ సర్టిఫై అనే ప్యాకేజీలోని ఫైలును చదువుతుంది. జావాస్క్రిప్టు ప్రోగ్రాములను నడిపే నోడ్ తన జాబితాను తన లోపలే మోసుకుపోతుంది. జావాకు సీఏసర్ట్స్ అనే సొంత ఫైలు ఉంది. ఆఫీసులోనో కాలేజీ ల్యాబులోనో రాకపోకలను పరిశీలించే ఫైర్‌వాల్ ఉన్నప్పుడు, అది ప్రతి సైటుకూ తన సొంత రూట్‌తో అప్పటికప్పుడు కొత్త సర్టిఫికేటు తయారుచేసి ఇస్తుంది. ఐటీ విభాగం ఆ రూట్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేర్చి ఉంచుతుంది కాబట్టి బ్రౌజరు నమ్ముతుంది; తన మూట తాను మోసుకుతిరిగే ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు.

సొంత మూటతో వచ్చే రెండో బాధ అది పాతబడిపోవడం. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ గడువు ముగిసినప్పుడు, ఉచితంగా సర్టిఫికేట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారి కొత్త రూట్ అయిన ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 లేని పాత ప్రోగ్రాములు ఎన్నో సైట్లకు దూరమయ్యాయి. సర్టిఫికేట్లను తనిఖీ చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో పాతదైన 1.0.2 వెర్షన్ వాడేవి, కొత్త రూట్ చేతిలో ఉన్నా, సర్వరు పంపిన గొలుసు వెంబడే పాత రూట్ దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాయి.

జాబితా వేరు, తీర్పు వేరు

ఈ అంశం దగ్గర కాస్త నిలబడదాం, ఎందుకంటే అనుభవం ఉన్నవారు కూడా తడబడేది ఇక్కడే. ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడటం రెండు రకాలు. మొదటి రకంలో ప్రోగ్రాము దాని దగ్గరున్న రూట్ల జాబితాను మాత్రం తెచ్చుకుని, తనిఖీని తానే చేసుకుంటుంది. రెండో రకంలో సర్వరు ఇచ్చిన గొలుసును యథాతథంగా ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చి, "ఈ పేరుకు దీన్ని నమ్మవచ్చా?" అని అడిగి, వచ్చిన తీర్పును పాటిస్తుంది. విండోస్‌లో గొలుసును చూసే సర్ట్‌గెట్‌సర్టిఫికేట్‌చెయిన్, ఆపై పేరును పోల్చే సర్ట్‌వెరిఫైసర్టిఫికేట్‌చెయిన్‌పాలసీ, మ్యాక్‌లో సెక్‌ట్రస్ట్‌ఎవాల్యుయేట్‌విత్‌ఎర్రర్ అనే ఫంక్షన్లు ఆ తీర్పు చెబుతాయి.

తేడా విండోస్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ తన రూట్లన్నిటినీ డిస్కులో పెట్టుకోదు. ఏదైనా గొలుసుకు అవసరమైన రూట్ లేదని తేలినప్పుడు, అది మైక్రోసాఫ్ట్ ఆమోదించినదైతే, అప్పటికప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటుంది. పైథాన్‌లోని ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ విండోస్ నుంచి జాబితాను తెచ్చుకునే మొదటి రకానికి చెందినది. డిస్కులో ఆ క్షణాన ఉన్న రూట్లే దానికి కనిపిస్తాయి. అందువల్ల ఒకే స్క్రిప్టు పాత కంప్యూటరులో నడిచి, కొత్త కంప్యూటరులో ఆగిపోతుంది. కారణం తెలియక మనిషి రోజంతా తల పట్టుకుని కూర్చుంటాడు.

రెండో తేడా మన దేశానికి సంబంధించినదే. 2014 జులైలో, నేషనల్ ఇన్‌ఫర్మాటిక్స్ సెంటర్‌కు చెందిన మధ్యవర్తి సర్టిఫికేట్ల కింద గూగుల్ డొమైన్లకు అనధికారిక సర్టిఫికేట్లు జారీ అయినట్టు బయటపడింది. వాటి పైనున్న రూట్ భారత ప్రభుత్వ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్‌ది. ఆ రూట్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండేది, మొజిల్లా జాబితాలో లేదు. కాబట్టి విండోస్ జాబితాను ఆధారం చేసుకున్న ప్రోగ్రాములకే ప్రమాదం, ఫైర్‌ఫాక్స్‌కు లేదు. మైక్రోసాఫ్ట్ ఆ రూట్‌ను తీసేయలేదు. తప్పుగా వాడిన సర్టిఫికేట్లను నమ్మకూడనివాటి జాబితాలో చేర్చి విండోస్ కంప్యూటర్లకు పంపింది. తీర్పును విండోస్‌ను అడిగే ప్రోగ్రాములకు వాటి కోడులో ఒక్క అక్షరం మార్చకుండానే రక్షణ అందింది. నమ్మదగిన రూట్లను మాత్రం ఏరుకుని తెచ్చుకునే ప్రోగ్రాముకు ఆ రెండో జాబితా కనిపించదు. ఫలానా తేదీ తర్వాత ఇచ్చినవి చెల్లవు, ఫలానా డొమైన్లకే చెల్లుతాయి వంటి షరతులు కూడా అంతే. రూట్లను వరుసగా పేర్చిన సాదా ఫైలులో వాటికి చోటు ఉండదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను నమ్మడమంటే దాని తయారీదారు నిర్ణయాలను నమ్మడమేనని కూడా ఈ ఉదంతం చెబుతుంది. నా అభిప్రాయంలో సాధారణ అప్లికేషన్లకు అది సరైన బేరమే. ఎందుకంటే దిద్దుబాటు వెంటనే అందుతుంది, ఐటీ విభాగం పెట్టిన నియమాలు అమలవుతాయి, వినియోగదారు ఒకసారి సరిచేసుకుంటే అన్ని ప్రోగ్రాములకూ సరిపోతుంది. మీ యాప్ మీ సొంత సర్వరుతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడనప్పుడు మీ సొంత రూట్‌నే నమ్మేలా కట్టుదిట్టం చేసుకోవడం వేరే విషయం. దాని నియమాలు వేరు.

ముందు జబ్బేమిటో తెలుసుకోవాలి

ఏదీ మార్చకముందు, సర్వరు ఏమి పంపుతోందో కళ్లారా చూడాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆదేశానికి ఎస్_క్లయింట్ చేర్చి, కనెక్ట్ దగ్గర సైటు పేరూ 443 పోర్టూ, సర్వర్‌నేమ్ దగ్గర మళ్లీ సైటు పేరూ ఇచ్చి, షోసర్ట్స్ అనే ఎంపిక జోడిస్తే మొత్తం గొలుసు తెరపైకి వస్తుంది. చివర్లో కనిపించే వెరిఫై రిటర్న్ కోడ్ అంకె రోగాన్ని చెప్పేస్తుంది. 10 అయితే గడువు తీరింది, లేదా మీ కంప్యూటరు గడియారం ముందుకు పోయింది. 9 అయితే గడువు ఇంకా మొదలుకాలేదు, అంటే చాలావరకు మీ గడియారమే వెనకబడి ఉంది. బ్యాటరీతో నడిచే గడియారం లేని రాస్‌బెర్రీ పై వంటి బోర్డుల్లో ఇది తరచూ జరుగుతుంది, కాబట్టి ముందు తేదీ చూడాలి. 18 అయితే సర్వరు తన మీద తానే సంతకం పెట్టుకున్న సర్టిఫికేటు ఇచ్చింది. 19 అయితే గొలుసు చివర మీకు తెలియని రూట్ ఉంది. 20 అయితే జారీచేసిన వారి సర్టిఫికేటు మీ దగ్గర దొరకలేదు. ఫైర్‌వాల్ మధ్యలో ఉన్నప్పుడు 19 గానీ 20 గానీ కనిపిస్తుంది, ఇష్యూయర్ వరుసలో అసలు సంస్థకు బదులు మీ ఆఫీసు పేరో ఫైర్‌వాల్ పేరో ఉంటుంది.

21 వస్తే తప్పు చాలావరకు సర్వరుది: మధ్యవర్తి సర్టిఫికేటు పంపడం మరిచిపోయారు. క్రోమ్ వంటి కొన్ని బ్రౌజర్లూ విండోస్ తనిఖీ యంత్రాంగమూ, సర్టిఫికేటులోనే రాసి ఉన్న చిరునామా నుంచి ఆ మధ్యవర్తిని తెచ్చుకోగలవు; ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తెచ్చుకోదు. అందుకే సర్వరు యజమాని "మా బ్రౌజరులో బాగానే ఉంది" అంటారు, మీ లినక్స్ ప్రోగ్రాము మాత్రం ఆగిపోతుంది. దీనికి మందు సర్వరు దగ్గరే వేయాలి.

ఒక హెచ్చరిక: ఎస్_క్లయింట్ తనంతట తాను సైటు పేరును పోల్చి చూడదు, వెరిఫై_హోస్ట్‌నేమ్ ఎంపిక ఇస్తేనే చూస్తుంది. బ్రౌజరు తెరిచింది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఒప్పుకున్నట్టే అనుకోవడం కూడా సరికాదు. ఫైర్‌ఫాక్స్‌కు మొదటి నుంచీ సొంత జాబితా ఉంది. 2022 నుంచి క్రోమ్ కూడా తన సొంత రూట్ జాబితాకు మారింది; ఐటీ విభాగం చేర్చిన రూట్లను మాత్రం ఇప్పటికీ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే తీసుకుంటుంది. విండోస్ తీర్పు కావాలంటే పవర్‌షెల్‌లో ఇన్వోక్-వెబ్‌రిక్వెస్ట్‌తో ఆ చిరునామాను పిలిచి చూడండి.

సంస్థ రూట్‌ను చేర్చడం

రూట్ ఫైలును ఐటీ విభాగం నుంచే తీసుకోవాలి. పైన చెప్పిన ఆదేశం తెరమీద చూపించిన గొలుసు నుంచి చివరి సర్టిఫికేటును కాపీ చేసుకుని చేర్చేసేవారిని చూశాను. మధ్యలో దొంగ కూర్చుని ఉంటే, అలా చేసినవారు ఆ దొంగకే ఇంటి తాళాలు అప్పగించినట్టు. ఫైలు చేతికొచ్చాక దాని ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్రను (ఆ సర్టిఫికేటును గుర్తుపట్టే అక్షరాల వరుసను) ఫోనులోనో ఎదురుగానో చదివించుకుని పోల్చుకోవాలి; రెండు నిమిషాల పని.

ఉబుంటు, డెబియన్‌లలో ఆ ఫైలు పెమ్ అనే టెక్స్టు రూపంలో ఉండి, పేరు సీఆర్‌టీతో ముగియాలి. యూఎస్‌ఆర్ కింద లోకల్, దాని కింద షేర్, అందులోని సీఏ-సర్టిఫికేట్స్ ఫోల్డరులో దాన్ని పెట్టి, అడ్మిన్ హక్కులతో అప్‌డేట్-సీఏ-సర్టిఫికేట్స్ నడపాలి. "1 యాడెడ్, 0 రిమూవ్డ్" అని రావాలి. 0 యాడెడ్ అని వస్తే తొంభై పాళ్లు ఫైలు పేరు చివర పెమ్ అని వదిలేసి ఉంటారు. ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో ఈటీసీ కింద పీకేఐ, సీఏ-ట్రస్ట్, సోర్స్, యాంకర్స్ వరుసలో చివరి ఫోల్డరులో పెట్టి అప్‌డేట్-సీఏ-ట్రస్ట్ నడపాలి.

విండోస్‌లో సర్ట్‌ఎల్‌ఎం అనే పరికరాన్ని తెరిచి ట్రస్టెడ్ రూట్ సర్టిఫికేషన్ అథారిటీస్ కింద చేర్చాలి. సర్ట్‌ఎంజీఆర్ కూడా చూడటానికి అలాగే ఉంటుంది గానీ, అది లాగిన్ అయిన వ్యక్తికి మాత్రమే వర్తిస్తుంది. వేరే ఖాతా కింద నడిచే సర్వీసుకు అందులో పెట్టిన రూట్ కనిపించదు. మ్యాక్‌లో కీచెయిన్ యాక్సెస్‌లోని సిస్టమ్ కీచెయిన్‌లోకి తెచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ సర్టిఫికేటును తెరిచి ట్రస్ట్ విభాగంలో ఆల్వేస్ ట్రస్ట్ ఎంచుకోవాలి.

ప్రోగ్రామును మార్చడం

పైథాన్‌లో ట్రస్ట్‌స్టోర్ అనే లైబ్రరీ ఉంది, పైథాన్ 3.10 నుంచి పనిచేస్తుంది. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఇది నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ తీర్పునే అడుగుతుంది, లినక్స్‌లో సిస్టమ్ రూట్లతో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ చేత తనిఖీ చేయిస్తుంది. పైథాన్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకుని, ప్రోగ్రాము మొట్టమొదటి వరుసల్లో, రిక్వెస్ట్స్ వంటివాటిని ఇంపోర్ట్ చేయకముందే, ట్రస్ట్‌స్టోర్‌ను ఇంపోర్ట్ చేసి ఇంజెక్ట్_ఇంటు_ఎస్‌ఎస్‌ఎల్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే చాలు. అయితే ఇది ప్రోగ్రాము మొత్తాన్నీ ప్రభావితం చేస్తుంది కాబట్టి అప్లికేషన్లలోనే వాడాలి. మీరు రాస్తున్నది ఇతరులు వాడుకునే లైబ్రరీ అయితే ట్రస్ట్‌స్టోర్ ఇచ్చే ఎస్‌ఎస్‌ఎల్‌కాంటెక్స్ట్‌ను ప్రోటోకాల్_టీఎల్‌ఎస్_క్లయింట్‌తో తయారుచేసుకుని మీ కనెక్షన్‌కు మాత్రమే ఇవ్వాలి. పిప్ 24.2 నుంచి, పైథాన్ 3.10 గానీ అంతకన్నా కొత్తది గానీ ఉంటే, ఈ పద్ధతినే డిఫాల్ట్‌గా పాటిస్తోంది. ల్యాబులో పిప్ మొరాయిస్తుంటే ముందు దాని వెర్షన్ చూడండి. సర్టిఫై ఫైలును తెరిచి చివర మన రూట్‌ను అతికించే పద్ధతి మాత్రం వద్దు. ఆ ప్యాకేజీ అప్‌డేట్ అయిన రోజున అతికించినది తుడిచిపెట్టుకుపోతుంది.

గో భాషలో టీఎల్‌ఎస్ కాన్ఫిగ్‌లోని రూట్‌సీఏస్‌ను ఖాళీగా వదిలేస్తే విండోస్, మ్యాక్‌లలో ఆపరేటింగ్ సిస్టమ్ తీర్పే అమలవుతుంది. ఇన్‌సెక్యూర్‌స్కిప్‌వెరిఫై అనే మాట కోడులో ఎక్కడా లేకుండా చూసుకోవాలి. డాట్‌నెట్‌లో హెచ్‌టీటీపీక్లయింట్ ముందునుంచే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడుతుంది, ఎవరైనా కాల్‌బ్యాక్‌లో ఎప్పుడూ ట్రూ ఇచ్చేలా రాశారేమో వెతికితే చాలు. రస్ట్‌లో ఇంతకుముందు చెప్పిన తేడా పేర్లలోనే కనిపిస్తుంది: రస్ట్‌ఎల్‌ఎస్-నేటివ్-సర్ట్స్ జాబితాను మాత్రమే తెస్తుంది, రస్ట్‌ఎల్‌ఎస్-ప్లాట్‌ఫామ్-వెరిఫయర్ తీర్పును అడుగుతుంది, రెండోదాన్ని ఎంచుకోండి. నోడ్ 22.15 నుంచి యూజ్-సిస్టమ్-సీఏ అనే ఎంపిక ఉంది. అది సిస్టమ్ రూట్లను తెచ్చుకుంటుంది గానీ తనిఖీ మాత్రం నోడ్ లోపలి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌దే. జావాలో విండోస్ మీద ట్రస్ట్‌స్టోర్‌టైప్‌ను విండోస్-రూట్‌గా ఇవ్వవచ్చు. ఇది కూడా జాబితా రకమే. విండోస్‌లో గిట్ అడ్డం తిరిగితే హెచ్‌టీటీపీ డాట్ ఎస్‌ఎస్‌ఎల్‌బ్యాకెండ్‌ను ఎస్‌ఛానల్‌కు మార్చాలి. కర్ల్ 8.2.0 నుంచి సీఏ-నేటివ్ అనే ఎంపిక దొరుకుతుంది.

డాకర్ కంటెయినర్‌కు దాని సొంత లినక్స్ ఉంటుందని, కింద నడిచే యంత్రంలో చేర్చిన రూట్లు లోపలికి రావని మరిచిపోకండి. స్లిమ్ ఇమేజ్‌లలో సీఏ-సర్టిఫికేట్స్ ప్యాకేజీయే లేకపోవచ్చు. స్క్రాచ్ ఇమేజ్‌లో ఏమీ ఉండదు. ఇమేజ్ తయారీ ఫైలులోనే ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, సంస్థ రూట్‌ను కాపీ చేసి, అప్‌డేట్ ఆదేశం నడపాలి.

ఆండ్రాయిడ్ 7.0 నుంచి యాప్‌లు వినియోగదారు చేర్చిన రూట్లను మామూలుగా నమ్మవు, అది మంచి నియమమే. పరీక్షల కోసం నమ్మవలసి వస్తే నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ఫైలులోని డీబగ్-ఓవర్‌రైడ్స్ కింద మాత్రమే అనుమతించండి. ప్లే స్టోర్‌కు పంపే బిల్డులో అది పనిచేయదు. ఖాళీ ట్రస్ట్‌మేనేజర్ రాయడం వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్‌కు జావా రూపం.

తిరస్కరిస్తోందా అని చూడటం

మంచి సైటు తెరుచుకున్నంత మాత్రాన తనిఖీ జరుగుతోందని చెప్పలేం. చెడ్డ సైటును కాదన్నప్పుడే అది రుజువవుతుంది. ఇందుకోసమే బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ ఉంది. దాని పేరు ముందు ఎక్స్‌పైర్డ్, రాంగ్ డాట్ హోస్ట్, సెల్ఫ్-సైన్డ్, అన్‌ట్రస్టెడ్-రూట్ అని చేర్చి, నాలుగు చిరునామాలనూ మీ ప్రోగ్రాముతోనే పిలవండి. నాలుగింటి దగ్గరా ఎర్రర్ రావాలి. రాంగ్ డాట్ హోస్ట్ ఒక్కటి తెరుచుకున్నా పేరు పోల్చడం జరగడం లేదన్నమాట. ఆఫీసు ఫైర్‌వాల్ వెనక ఈ పరీక్ష చేస్తే ఫైర్‌వాలే ముందు స్పందించవచ్చు కాబట్టి, ఇంటి నెట్‌వర్క్‌లోనో ఫోను హాట్‌స్పాట్ మీదో ఒకసారి చేసి చూడాలి.

రివోక్డ్ అనే ఐదో చిరునామా కూడా ఉంది. అది తెరుచుకుంటే కంగారు పడనక్కర్లేదు. రద్దు తనిఖీ చాలా చోట్ల మనం ప్రత్యేకంగా అడిగితేనే జరుగుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తనంతట తాను చేయదు. విండోస్‌లోని సర్ట్‌గెట్‌సర్టిఫికేట్‌చెయిన్‌కు కూడా రద్దును చూడమని విడిగా జెండా ఇవ్వాలి. సర్టిఫికేటు రద్దయిందా అని అప్పటికప్పుడు అడిగి తెలుసుకునే ఓసీఎస్‌పీ సేవను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025లో ఆపేసింది. రద్దు మీద ఆధారపడే అవసరం తగ్గేలా, సర్టిఫికేట్ల గరిష్ఠ ఆయుష్షు కూడా 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులుగా తగ్గాలని నిర్ణయమైంది. డబ్బుతోనో ఆరోగ్య వివరాలతోనో పనిచేసే ప్రోగ్రామైతే రద్దు తనిఖీని కావాలని ఆన్ చేయండి.

ఈ నాలుగు చిరునామాల పరీక్షను మీ ఆటోమేటెడ్ టెస్టుల్లో చేర్చండి. బయటి సైటు మీద ఆధారపడటం ఇష్టం లేకపోతే గడువు తీరినదొకటి, పేరు కలవనిదొకటి సొంతంగా తయారుచేసి లోపలి సర్వరు మీద పెట్టుకోవచ్చు. ఆ తర్వాత కోడు మొత్తంలో వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్‌ను, సర్వర్ల సెట్టింగుల్లో రిక్వెస్ట్స్_సీఏ_బండిల్, ఎస్‌ఎస్‌ఎల్_సర్ట్_ఫైల్, నోడ్_టీఎల్‌ఎస్_రిజెక్ట్_అన్‌ఆథరైజ్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లను వెతకండి. మొదటి రెండూ పాత ఫైళ్ల వైపు చూపిస్తూ ఉండవచ్చు. మూడోది సున్నాగా ఉంటే నోడ్‌లో తనిఖీ మొత్తం ఆగిపోయినట్టే. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగి తెలుసుకుని, కారణం ఇప్పుడు లేదని తేలాక తొలగించి, పరీక్షను మరోసారి నడపండి.